అణు నమూనాల కిట్: ఆకారాలకు భేష్, అణువుల మధ్య బలాలకు చాలదు

రసాయన బంధం పాఠానికి అణు నమూనాల కిట్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాను, కొనండి. బోర్డు మీద ఎంత బాగా గీసినా మీథేన్ చదునుగానే కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పితే తప్ప నాలుగు బంధాలూ నాలుగు దిక్కులకి పోతున్నాయన్న సంగతి మనసుకి ఎక్కదు. అలాగని ఏ కిట్ పడితే అది కొనకండి. నేను కెమిస్ట్రీ టీచర్‌ని, ఈ పాఠం ఏళ్ల తరబడి చెప్తున్నాను, రకరకాల కిట్లు వాడాను. ఇప్పుడు రాస్తున్నది ప్రస్తుతం నా క్లాసులో ఉన్నదాని గురించి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివే వేరే వేరే పేర్లతో దొరుకుతున్నాయి, డబ్బా మీద బొమ్మ మారుతుంది గానీ లోపల సరుకు ఇంచుమించు ఒకటే. పేరు కన్నా ఏం చూసి కొనాలో తెలిస్తే మీకు ఎక్కువ పనికొస్తుంది.

డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో ఉండేది ముక్కల సంఖ్య. దాన్ని అంతగా పట్టించుకోకండి. ఈ కిట్లలో పరమాణువంటే రంధ్రాలున్న ప్లాస్టిక్ బంతి, బంధమంటే రెండు బంతుల్ని కలిపే పుల్ల. నేను చూసేది రంధ్రాలు. ఏ బంతికి ఎన్ని రంధ్రాలున్నాయి, వాటి మధ్య కోణం ఎంత, పుల్ల దూర్చితే బిగువుగా నిలబడుతోందా, ఊగుతోందా. పరమాణువు గురించి ఈ ప్లాస్టిక్ బంతి చెప్పగలిగే విషయం ఒక్కటే: బంధం ఇక్కడి నుంచి ఏ దిక్కుకి పోతుంది. ఆ ఒక్కటీ తప్పు చెప్తే మిగతా హంగులన్నీ దండగ.

బంతుల రంగులు అందరికీ తెలిసినవే. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం, క్లోరిన్ ఆకుపచ్చ. ఈ రంగుల వాడుక ఇవాళ్టిది కాదు. 1865లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యాసం ఇస్తూ ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ క్రోకే ఆట బంతులకి రంగులు వేసి, వాటిని కడ్డీలతో కలిపి అణువులు చూపించాడు. మనం ఇప్పటికీ ఆ రంగులనే వాడుతున్నాం. కాకపోతే ఆయన మీథేన్ చదునుగా ఉండేది, నాలుగు కడ్డీలూ ఒకే తలంలో. తర్వాత తొమ్మిదేళ్లకి, 1874లో, వాంట్ హాఫ్, లె బెల్ ఎవరికి వారే కార్బన్ బంధాలు చతుర్ముఖి (నాలుగు త్రిభుజ ముఖాలున్న ఆకారం) మూలల వైపు పోతాయని చెప్పారు. అప్పటికి వాంట్ హాఫ్ వయసు 22. కార్డ్‌బోర్డుతో చిన్న చిన్న చతుర్ముఖులు చేసి తోటి శాస్త్రవేత్తలకి పంపించాడు. అణువు ఆకారం మాటలతో ఒప్పించే విషయం కాదని, చేతికి ఇవ్వాలని ఆయనకి అప్పుడే తెలుసు. నాకు ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

కిట్ రాగానే మొట్టమొదట మీథేన్ చేయండి, ఇది పరీక్ష. నల్లబంతికి నాలుగు తెల్లబంతులు తగిలించి బల్ల మీద పెట్టండి. మూడు హైడ్రోజన్లు కాళ్లలా ఆనాలి, నాలుగోది నిట్టనిలువుగా పైకి ఉండాలి. ఇప్పుడు పైనున్నదాన్ని కిందికి తిప్పి, వేరే హైడ్రోజన్ పైకి వచ్చేలా పెట్టండి. నాలుగు రకాలుగా పెట్టినా ఒకేలా నిలబడితే రంధ్రాలు సరిగ్గా ఉన్నట్టు, అంటే ప్రతి జతకీ మధ్య 109.5 డిగ్రీలు. ఒక భంగిమలో పైది పక్కకి ఒరిగితే ఆ బంతి సరిగ్గా తయారు కాలేదు. నా కిట్‌లో నల్లబంతులన్నీ ఈ పరీక్ష నెగ్గాయి. ఇంతకుముందు వాడిన ఒక చవకరకం కిట్‌లో కొన్ని బంతులు కళ్లకే వంకరగా కనిపించేవి. అలాంటి వాటితో సైక్లోహెక్సేన్ వలయం కట్టబోతే చివరి పుల్ల దాని రంధ్రానికి అందదు.

మీథేన్ తర్వాత అమ్మోనియా, నీరు. ఇక్కడ ఈ కిట్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఉంది. ఒంటరి జంటలకి, అంటే బంధంలో పాల్గొనని ఎలక్ట్రాన్ జంటలకి, విడిగా ముక్కలిచ్చారు, గులాబీ రంగులో, మొగ్గలా ఉబ్బుగా. నాలుగు రంధ్రాల నీలి బంతికి మూడు హైడ్రోజన్లు, నాలుగో రంధ్రంలో ఒంటరి జంట. నాలుగు రంధ్రాల ఎర్ర బంతికి రెండు హైడ్రోజన్లు, రెండు ఒంటరి జంటలు. గులాబీ ముక్కల మీద చెయ్యి కప్పి పరమాణువులనే చూడమంటే పిల్లలకి పిరమిడ్, వంగిన ఆకారం వెంటనే కనిపిస్తాయి. ఎలక్ట్రాన్ జంటల అమరిక వేరు, అణువు ఆకారం వేరు అన్న మెలిక ఉంది చూశారూ, పుస్తకంలో రెండు పేజీలు చదివినా తికమకపెట్టేది, అది ఇక్కడ చెయ్యి పెట్టడం, తీయడంతో తేలిపోతుంది.

కోణాల దగ్గర మాత్రం కిట్ ఇచ్చేది ఉజ్జాయింపే. మూడు అణువులకీ అవే చతుర్ముఖి రంధ్రాలు కాబట్టి మూడింటికీ 109.5 డిగ్రీలే వస్తుంది. నిజానికి అమ్మోనియాలో 107, నీటిలో 104.5. ఒంటరి జంట కేంద్రకానికి దగ్గరగా, వెడల్పుగా పరుచుకుని పక్క బంధాలని నొక్కుతుందని 1957లో గిలెస్పీ, నైహామ్ ఇచ్చిన వివరణ మనందరం చెప్పేదే. ఆ రెండు నుంచి ఐదు డిగ్రీల తేడా ప్లాస్టిక్‌లో చూపించలేదని నేను తప్పుపట్టను. కానీ నీటి మోడల్‌లో ఎర్ర బంతి తీసేసి పసుపు బంతి పెట్టి హైడ్రోజన్ సల్ఫైడ్ అంటే మాత్రం ఒప్పుకోను. అక్కడ కోణం 92 డిగ్రీలు. కిట్ 17 డిగ్రీలకి పైగా తప్పు చెప్తోంది. కిట్‌తో వచ్చిన పుస్తకంలో హైడ్రోజన్ సల్ఫైడ్‌ని నీటి పక్కనే పెట్టి 'ఇదే ఆకారం' అని ముద్రించారు. వంగిన ఆకారం అన్నంతవరకు నిజమే, కోణం గురించి ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. నేనైతే ఆరు రంధ్రాల బంతి తీసుకుని, లంబకోణంలో ఉన్న రెండు రంధ్రాలకి హైడ్రోజన్లు పెట్టి, 'హైడ్రోజన్ సల్ఫైడ్ కోణం దీనికి దగ్గర' అని చూపిస్తాను. 90కీ 92కీ తేడా తక్కువ.

ఈ మధ్య క్లాసులో ఒకమ్మాయి అమ్మోనియా చేసి, దాని గులాబీ ముక్క ఊడదీసి, అలాగే చూస్తూ ఉండిపోయింది. ఏమైందమ్మా అంటే, "మేడమ్, ఒంటరి జంట నెట్టడం వల్లే కదా హైడ్రోజన్లు కిందికి వంగాయి? ఇప్పుడది లేదు కదా, మరి ఇవి పైకి ఎందుకు రాలేదు?" అంది. ఆ ప్రశ్న ఈ కిట్ మీద నేను విన్న విమర్శలన్నిటిలోకీ పదునైనది. ప్లాస్టిక్‌లో కోణం అచ్చులోనే ఖరారైపోయింది. ఒంటరి జంట ఉన్నా, లేకపోయినా రంధ్రాలు కదలవు. అసలు అణువులో అయితే జంటలు ఒకదాన్నొకటి తోసుకోవడం వల్లే కోణం పుట్టింది. తోసేది ఒకటి తగ్గితే మిగతావి సర్దుకుంటాయి. అప్పుడు మూడు రంధ్రాల చదును బంతి ఇచ్చి మూడు ఫ్లోరిన్లు తగిలించమన్నాను. బోరాన్ ట్రైఫ్లోరైడ్. బోరాన్ చుట్టూ మూడే జంటలు, ఒంటరి జంట లేదు, అందుకే 120 డిగ్రీలతో చదునుగా ఉంది. రెండు మోడళ్లూ పక్కపక్కన పెట్టుకుని ఆ అమ్మాయి, "అయితే కిట్ ఫలితం చూపిస్తుంది, కారణం మనం గుర్తుపెట్టుకోవాలి, అంతేనా మేడమ్" అంది. అంతే. ఈ కిట్‌తో పాఠం చెప్పేవాళ్లెవరైనా ఈ రెండు మోడళ్లూ జంటగా చేయించండి. ఒక్క అమ్మోనియా చేయించి వదిలేస్తే పిల్లల మనసులో కోణం అనేది పరమాణువు పుట్టుకతో తెచ్చుకున్న గుణం అన్న అభిప్రాయం నాటుకుపోతుంది.

ధ్రువణత సంగతికొస్తే, అంటే అణువులో ఎలక్ట్రాన్లు ఎటు ఒరిగాయో చూపించడానికి, కిట్‌లో బాణాలు లేవు. ఉండాల్సింది. నేను రంగు కాగితంతో చిన్న బాణాలు కత్తిరించి పుల్లలకి అంటిస్తాను. కార్బన్ డయాక్సైడ్‌కి రెండు బాణాలు ఎదురెదురు దిక్కులకి పోయి కొట్టేసుకుంటాయి. నీటికి వంపు ఉంది కాబట్టి రెండూ కలిసి ఒక వైపుకే లాగుతాయి, 1.85 డిబై ద్విధ్రువ భ్రామకం (ధ్రువణత ఎంతో చెప్పే కొలత) మిగులుతుంది. కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో ఒక ఆకుపచ్చ బంతి తీసి తెల్లది పెట్టగానే క్లోరోఫాం, సున్నా నుంచి 1 డిబై దాకా వస్తుంది. కానీ బాణాలు అసలు పనికొచ్చేది అమ్మోనియా, నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్ దగ్గర. రెండూ ఒకే ఆకారం. ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లని అంత గట్టిగా లాగుతుంది కదా, ట్రైఫ్లోరైడ్‌కే ద్విధ్రువ భ్రామకం ఎక్కువ ఉండాలని క్లాసంతా అంటుంది. నిజానికి అమ్మోనియాకి 1.47, ట్రైఫ్లోరైడ్‌కి 0.23 మాత్రమే. గులాబీ ముక్క మీద కూడా ఒక బాణం అంటించి చూడండి. అమ్మోనియాలో బంధాల బాణాలు నైట్రోజన్ వైపు, అంటే ఒంటరి జంట ఉన్న దిక్కుకే పోతాయి, రెండూ కలిసొస్తాయి. ట్రైఫ్లోరైడ్‌లో బంధాల బాణాలు ఫ్లోరిన్ల వైపు కిందికి, ఒంటరి జంటది పైకి. ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. ఇది చూపించడానికి ఈ గులాబీ ముక్కల్లాంటివి ఉన్న కిట్ తప్ప వేరే ఏ సాధనమూ నాకింత బాగా పనికిరాలేదు.

ద్విబంధాలకి, త్రిబంధాలకి వంగే పుల్లలిచ్చారు. ఎథిలీన్ చేసి మెలితిప్పబోతే తిరగదు, ఈథేన్ అయితే ఇట్టే తిరుగుతుంది. ద్విబంధం చుట్టూ భ్రమణం లేదన్న విషయం వేళ్లకే తెలుస్తుంది. బాగుంది. కానీ వంగే పుల్ల మామూలు పుల్ల కన్నా పొడవు కావడంతో ఎథిలీన్‌లో రెండు కార్బన్ల మధ్య దూరం స్కేలుతో కొలిస్తే ఈథేన్‌లో ఉన్నంతే ఉంది. అసలు లెక్క ఏకబంధానికి 154 పికోమీటర్లు, ద్విబంధానికి 134, త్రిబంధానికి 120. బంధం సంఖ్య పెరిగేకొద్దీ పరమాణువులు దగ్గరవుతాయన్న ముఖ్యమైన సంగతి ఇక్కడ కనిపించకుండా పోయింది. బెంజీన్‌కి వంగే పుల్లలు అసలు వాడకండి. ఒకటి విడిచి ఒకటి ద్విబంధాలు పెడితే వలయం అంతటా ఒకేలా రాదు, నిజం బెంజీన్‌లో ఆరు బంధాలూ దాదాపు 139 పికోమీటర్లతో సమానం. మూడు రంధ్రాల నల్లబంతులు, మామూలు పుల్లలతో చేస్తే చక్కటి చదును షడ్భుజి వస్తుంది, అదే నిజానికి దగ్గర. మరొకటి, ఈథేన్ మోడల్ తిప్పితే ఎక్కడా అడ్డు తగలదు. అసలు అణువులో రెండు వైపుల హైడ్రోజన్లు ఒకదాని వెనక ఒకటి పడే భంగిమని దాటడానికి మోల్‌కి 12 కిలోజౌళ్లు కావాలి. ఆ చిన్న అడ్డంకిని పుల్ల చూపించలేదు, మనం నోటితో చెప్పాలి.

సైక్లోహెక్సేన్ కోసమైనా ఈ కిట్ కొనొచ్చంటాను. ఆరు నల్లబంతులు కలిపి వలయం చేయండి, అది చదునుగా ఉండనే ఉండదు. రంధ్రాల కోణం ఊరుకోదు, ఒక మూల పైకి, ఒక మూల కిందికి వంగి దానంతటదే కుర్చీ ఆకారంలోకి వెళ్తుంది. 1890లోనే సాక్సే ఈ మాట చెప్పాడు, పట్టించుకున్నవాళ్లు తక్కువ. తర్వాత చాలా ఏళ్లకి హాసెల్, బార్టన్ ఈ ఆకారాల మీద చేసిన పనికి 1969లో నోబెల్ వచ్చింది. పన్నెండు తెల్లబంతులూ పెట్టాక ఆరు నిలువుగా, మూడు పైకి మూడు కిందికి, మిగతా ఆరు పక్కలకి కనిపిస్తాయి. ఇప్పుడు నిలువుగా ఉన్న ఒక తెల్లబంతి తీసి ఆకుపచ్చది పెట్టండి. రెండు చివరలూ పట్టుకుని వలయాన్ని తిరగదోయండి, ఒక చోట బిగుసుకుంటుంది, ఇంకొంచెం నొక్కితే టక్కుమని అవతలి కుర్చీలోకి పడుతుంది. ఆకుపచ్చ బంతి ఇప్పుడు పక్కకి ఉంది! ఏ బంధమూ తెగలేదు. గది ఉష్ణోగ్రత దగ్గర అసలు అణువు ఈ పని సెకనుకి లక్షసార్ల ప్రాంతంలో చేస్తుందని చెప్పినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. మధ్యలో పడవ ఆకారం దగ్గర ఆపి చూపిస్తే రెండు కొసల మీది హైడ్రోజన్లు ఒకదాన్నొకటి దాదాపు తాకుతుంటాయి. ఆ ఆకారం ఎందుకు నిలవదో వేరే చెప్పక్కర్లేదు. పుల్లలు మరీ గట్టివైతే ఈ తిప్పుడు కుదరదు, మరీ మెత్తనివైతే బిగువు తెలియదు. ఈ కిట్‌లో సరిగ్గా కుదిరింది.

ఐదు, ఆరు రంధ్రాల బంతులు రెండేసి ఉన్నాయి. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్, క్లోరిన్ ట్రైఫ్లోరైడ్, జినాన్ టెట్రాఫ్లోరైడ్ అన్నీ వస్తాయి. ఆరు రంధ్రాల బంతికి ఎదురెదురుగా రెండు గులాబీ ముక్కలు పెడితే జినాన్ టెట్రాఫ్లోరైడ్ చదును చతురస్రం ఎందుకైందో అడిగే పనే ఉండదు. పెంటాక్లోరైడ్‌లో నిలువు బంధాలు 214 పికోమీటర్లు, అడ్డ బంధాలు 202, కిట్‌లో అన్నీ ఒకటే పొడవు. ఇష్టమున్నవాళ్లు ఇంకొకటి చేసి చూడొచ్చు: ఘనరూపంలో ఈ పెంటాక్లోరైడ్ నాలుగు క్లోరిన్లున్న ధన అయాన్‌గా, ఆరు క్లోరిన్లున్న ఋణ అయాన్‌గా విడిపోయి ఉంటుంది. నాలుగు రంధ్రాల బంతితో ఒకటి, ఆరు రంధ్రాల బంతితో ఒకటి చేసి పక్కన పెడితే సరిపోతుంది. ఉప్పు స్ఫటికం లాంటి అయానిక పదార్థాలకి ఈ కిట్ వాడకండి. అక్కడ ప్రతి అయాన్ తన చుట్టూ ఉన్న ఆరింటినీ అన్ని దిక్కుల నుంచీ ఆకర్షిస్తుంది, పుల్ల పెట్టగానే జంటలు కట్టినట్టు కనిపించి తప్పు అభిప్రాయం ఏర్పడుతుంది.

ఇక నా అసలు ఫిర్యాదు. డబ్బా మీద 'బంధాలు, ఆకారాలు, అంతర అణు బలాలు' అని మూడూ రాశారు. మొదటి రెండూ ఒప్పుకున్నాను. మూడోదానికి, అంటే అణువుల మధ్య బలాలకి, కిట్‌లో ఒక్క ముక్క కూడా లేదు.

లండన్ బలాల (ఎలక్ట్రాన్ల కదలిక వల్ల అణువుల మధ్య పుట్టే బలహీన ఆకర్షణల) దాకా ఎలాగో నెట్టుకురావచ్చు, ఎందుకంటే అక్కడ ఆకారమే సగం కథ చెప్తుంది. పెంటేన్ మూడు ఐసోమర్లూ రెండేసి చొప్పున చేయండి. అన్నిట్లో ఐదు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, అణుభారం ఒకటే. మామూలు పెంటేన్లు రెండూ పక్కపక్కన పడుకోబెడితే మొదటి నుంచి చివర దాకా ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. నియోపెంటేన్ గుండ్రంగా ఉంటుంది, రెంటినీ దగ్గరకి తెస్తే తగిలేది కాస్త చోటే. తాకే మేర తగ్గేకొద్దీ లండన్ బలాలు తగ్గుతాయి. మరిగే ఉష్ణోగ్రతలు చూడండి: పెంటేన్ 36 డిగ్రీల సెల్సియస్, ఐసోపెంటేన్ 28, నియోపెంటేన్ 9.5. ఇక్కడితో ఆగకండి, కరిగే ఉష్ణోగ్రతలు కూడా బోర్డు మీద రాయండి. పెంటేన్ మైనస్ 130 దగ్గర కరిగితే నియోపెంటేన్ మైనస్ 16.5 దగ్గరే కరుగుతుంది. వరస తలకిందులైంది. గుండ్రటి అణువులు స్ఫటికంలో చక్కగా పేర్చుకుంటాయి, పైగా ఉన్నచోటే ఎటు తిరిగినా వాటి అమరిక చెడదు. మామూలు పెంటేన్ గొలుసు ద్రవంలో నానా వంకర్లూ తిరుగుతుంది, ఘనంగా మారాలంటే ఆ స్వేచ్ఛంతా వదులుకోవాలి. మోడల్ పుల్లల దగ్గర తిప్పి ఆ వంకర్లు చూపించొచ్చు. మరుగుదలకీ కరుగుదలకీ ఒకే కారణం అంటగట్టే అలవాటు చాలామంది పిల్లలకి ఉంటుంది, ఈ రెండు మోడళ్లు దాన్ని వదిలిస్తాయి.

హైడ్రోజన్ బంధం దగ్గరకొచ్చేసరికి కిట్ చేతులెత్తేసింది. తెల్లబంతికి ఒకటే రంధ్రం. ఒక ఆక్సిజన్‌కి అతుక్కున్న హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ ఒంటరి జంట వైపు చూడాలంటే రెండో వైపు కూడా రంధ్రం ఉండాలి కదా! లేదు. నాలుగు రంధ్రాల ఎర్రబంతులు నాలుగే ఇచ్చారు. రెండో రంధ్రం లేకపోవడంతో రెండు నీటి అణువుల్ని కూడా కలిపి చూపించలేం. మొత్తం పాఠంలో పిల్లల జీవితానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న బలం ఇదే. నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది, దాని కన్నా బరువైన హైడ్రోజన్ సల్ఫైడ్ మైనస్ 60 దగ్గరే మరిగిపోతుంది. ఇథనాల్, డైమిథైల్ ఈథర్ రెంటికీ పరమాణువులు అవే, లెక్క అదే. ఒకటి 78 డిగ్రీల దగ్గర మరిగితే రెండోది మైనస్ 24 దగ్గర. కిట్‌తో ఆ రెండు అణువులూ చేయొచ్చు, ఆ వంద డిగ్రీల తేడాకి కారణం మాత్రం చూపించలేం.

నేను చేసిన ఉపాయం చెప్తాను. ఈ కిట్‌లో కార్బన్ నుంచి కార్బన్‌కి, బంతుల కేంద్రాల మధ్య దూరం 35 మిల్లీమీటర్లు. 154 పికోమీటర్లకి 35 అయితే, మంచులో ఆక్సిజన్ నుంచి ఆక్సిజన్‌కి ఉండే 276 పికోమీటర్లకి 63 మిల్లీమీటర్లు రావాలి. అంతకి సరిపోయేలా సన్నటి ప్లాస్టిక్ స్ట్రాలు కత్తిరించాను. ఎర్రబంతులు చాలవు కాబట్టి నల్లబంతులనే ఆక్సిజన్లు అనుకోమన్నాను, రంధ్రాల కోణం ఎలాగూ అదే. ఒక్కో బంతికి నాలుగు స్ట్రాలు, ఒక్కో స్ట్రా మీద ఒక చివరకి దగ్గరగా తెల్ల టేపు చుట్ట, అదే హైడ్రోజన్. ప్రతి బంతికీ తనవి రెండు టేపులు దగ్గరగా, పక్కవాళ్లవి రెండు దూరంగా ఉండాలి. ఇలా కట్టుకుంటూ పోతే ఆరేసి ఆక్సిజన్ల వలయాలు వస్తాయి, ఒక పొరలో వలయాలన్నీ సైక్లోహెక్సేన్ కుర్చీలే! మధ్యలో ఖాళీ గొట్టాల్లా కనిపిస్తాయి. నీరు గడ్డకడితే ఘనపరిమాణం 9 శాతం దాకా ఎందుకు పెరుగుతుందో ఆ ఖాళీలోకి వేలు పెట్టి చూపించొచ్చు. కరిగినప్పుడు ఈ కట్టడం కొంత కూలి అణువులు ఖాళీల్లోకి చేరతాయి, అందుకే నీరు మంచు కన్నా సాంద్రంగా ఉంటుంది. ఈ మోడల్ కట్టిన రోజు పిల్లలు గంట కొట్టినా లేవలేదు.

ఇలా కట్టినప్పుడు కూడా ఒక విషయం నోటితో చెప్పక తప్పదు. ఆక్సిజన్, హైడ్రోజన్ మధ్య సమయోజనీయ బంధం తెంచాలంటే మోల్‌కి 463 కిలోజౌళ్లు, నీటిలో హైడ్రోజన్ బంధానికి 20 చిల్లర. మోడల్‌లో రెండూ ఒకే గట్టి స్ట్రా. నీరు మరిగితే అణువులు విడిపోతాయి గానీ అణువు ముక్కలవదు అన్న తేడా చేతికి తెలియాలంటే ఒకటి సులువుగా ఊడాలి, ఒకటి ఊడకూడదు. ఆ పని అయస్కాంతాలు పెట్టిన నీటి అణువుల సెట్లు చేస్తాయి. దగ్గరకి తెస్తే వాటంతటవే అతుక్కుంటాయి, ఊపితే విడిపోతాయి. అవి ఆకారాల పాఠానికి పనికిరావు, నీటి పాఠానికే. ఈ కిట్ తయారీదారులు తెల్లబంతుల్లో ఓ డజనుకి రెండో రంధ్రం పెట్టి, వదులుగా కూర్చునే రంగు పుల్లలు కొన్ని ఇస్తే చాలు, వేరే సెట్ అవసరమే ఉండదు.

బంతులు, పుల్లలు చూసి అణువంటే చాలావరకు ఖాళీ స్థలం, మధ్యలో కడ్డీలు అనుకునే ప్రమాదం కూడా ఉంది. హైడ్రోజన్ వాన్ డర్ వాల్స్ వ్యాసార్థం (బంధం లేనప్పుడు పరమాణువు ఆక్రమించే మేర) 120 పికోమీటర్లు, కార్బన్‌ది 170. వాటి మధ్య బంధం పొడవు 109 మాత్రమే. అంటే రెండు పరమాణువులూ ఒకదానిలో ఒకటి బాగా చొచ్చుకుపోయి ఉంటాయి, కడ్డీకి చోటే లేదు. కోరీ, పాలింగ్ 1953లో చేసి, తర్వాత కోల్టన్ మెరుగుపరిచిన సీపీకే మోడళ్లు ఇది సరిగ్గా చూపిస్తాయి, కానీ వాటిలో కోణాలు కనపడవు. ఈ కిట్‌లో పొట్టి పుల్లలు కొన్ని ఇచ్చారు, వాటితో చేస్తే బంతులు ఇంచుమించు తాకుతాయి. లండన్ బలాల పాఠానికి పొట్టి పుల్లలు, కోణాల పాఠానికి పొడుగువి వాడుతున్నాను.

కోణాల అసలు విలువలకి, తెరమీద తిప్పి చూడడానికి కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు ఉచితంగా దొరుకుతాయి. అందులో 'మాలిక్యూల్ షేప్స్' తెరిచి, అసలు అణువు, నమూనా రెండూ మార్చి మార్చి చూస్తే నీటి కోణం 109.5 నుంచి 104.5కి తగ్గడం కనిపిస్తుంది. ఒంటరి జంట చేర్చగానే బంధాలు జరగడం కూడా అందులో కనిపిస్తుంది. మా క్లాసులో ఆ అమ్మాయి అడిగినదానికి ప్లాస్టిక్ చూపించలేని జవాబు అదే. తెర ఉంది కదా, కిట్ ఎందుకంటారా? తెర మీద కుడి చేతి అణువునీ ఎడమ చేతి అణువునీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడమంటే పిల్లలు ఒప్పుకున్నట్టు తలూపుతారు. కార్బన్‌కి హైడ్రోజన్, ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్ పెట్టి, దాని అద్దంలో ప్రతిబింబాన్ని కూడా చేసి చేతికిస్తే, కలపాలని తెగ ప్రయత్నించి, కుదరదని వాళ్లే చెప్తారు.

మన్నిక విషయం. బంతులు రాయిలా ఉన్నాయి, రంగు పోలేదు. పుల్లలు కొన్ని మెడ దగ్గర చిట్లాయి, ముఖ్యంగా వంగేవి. విరిగిన ముక్క రంధ్రంలో ఇరుక్కుంటే తీయడానికి చిన్న పనిముట్టు ఇచ్చారు, బాగానే పనిచేస్తోంది. పుల్లని పక్కకి వంచి లాగకుండా తిన్నగా లాగితే ఎక్కువ కాలం వస్తాయి, ఇది పిల్లలకి మొదటి రోజే చెప్పాలి. ముందుగా తక్కువయ్యేవి తెల్లబంతులు. హైడ్రోకార్బన్లు చేయడం మొదలుపెట్టగానే డబ్బా ఖాళీ, రెండు సైక్లోహెక్సేన్లకే 24 పోతాయి. విడిగా తెల్లబంతుల ప్యాకెట్ అమ్మే కంపెనీదైతే ఇంకా మంచిది. క్లాసు కోసం రెండు సెట్లు తీసుకునేవాళ్లు రెండూ ఒకే కంపెనీవి తీసుకోండి, ఒకరి పుల్లలు ఇంకొకరి బంతుల్లో వదులుగా ఊగుతాయి, లేదంటే అసలు దూరవు.